చిన్నదాంట్లోంచి పెద్దది పోదా?

8976లోంచి 5432 తీసేస్తే ఎంత? ఒకదాని కింద ఒకటి రాసిస్తే ఆరేళ్ళ పిల్ల కూడా చేసేస్తుంది. ఆరులోంచి రెండు పోతే నాలుగు. ఏడులోంచి మూడు పోతే నాలుగు. తొమ్మిదిలోంచి నాలుగు పోతే ఐదు. ఎనిమిదిలోంచి ఐదు పోతే మూడు. జవాబు 3544. చేతివేళ్ళు చాలు. ఎనిమిది వేల తొమ్మిది వందల డెబ్భై ఆరు అంటే ఎంతో తెలియాల్సిన అవసరమే లేదు. ఆ పిల్ల చేసింది నాలుగంకెల తీసివేత కాదు, పక్కపక్కన నిలబెట్టిన నాలుగు చిన్న తీసివేతలు. చూసేవాళ్ళకి మాత్రం అలా కనిపించదు. ఫోన్‌లో వీడియో తీస్తారు, ఫ్యామిలీ గ్రూపులో పెడతారు, కింద చప్పట్ల బొమ్మలు వరస కడతాయి.

మన పుస్తకాలు దీన్ని స్థానమార్పిడి లేని తీసివేత అంటాయి. పైన ఉన్న ప్రతి అంకే కింద ఉన్నదానికన్నా పెద్దదో, సమానమో అయ్యుంటుంది. పక్క స్థానం నుంచి తెచ్చుకోవాల్సిన పని పడదు. పిల్లలకి ముందు ఇవి నేర్పి, కొన్ని వారాల తర్వాతో, మరుసటి తరగతిలోనో "అప్పు తెచ్చుకునే" లెక్కల్లోకి తీసుకెళ్తారు. సులువు ముందు, కష్టం తర్వాత. ఇంత మామూలు విషయంలో మంచీ చెడూ అంటూ ఏముంది?

ఉందనే నాకనిపిస్తోంది. ఎందుకంటే ఆ వర్క్‌షీట్‌లోని ప్రతి లెక్కనీ ఎవరో ఏరారు. అడ్డం తిరిగే లెక్క ఒక్కటి కూడా పిల్లల కంట పడకుండా జాగ్రత్తపడ్డారు. ఎంత ఏరాల్సి వచ్చిందో తెలుసుకుందామని కూర్చుని లెక్కేశాను. పైనా కిందా రెండంకెల సంఖ్యలే పెట్టి, పైది కిందదానికన్నా తక్కువ కాకుండా చూసుకుంటే మొత్తం 4095 తీసివేతలు రాయొచ్చు. అందులో పక్క స్థానం జోలికి పోనక్కర్లేనివి 2475. అంటే నూటికి 60. పర్లేదు, సగానికి మించే ఉన్నాయి. మూడంకెల సంఖ్యలకి వెళ్తే అది 34కి పడిపోతుంది. నాలుగంకెలకి వెళ్తే 18కి. సంఖ్యలు పెద్దవయ్యేకొద్దీ మనం పిల్లలకి చూపించే ప్రపంచం అసలు ప్రపంచంలో చిన్న మూలగా మారిపోతుందన్నమాట. "మావాడు నాలుగంకెల తీసివేతలు చేసేస్తాడు" అని మురిసిపోతున్నప్పుడు, వాడు చేయలేని నూటికి 82 లెక్కల్ని మనమే దాచిపెట్టి మురిసిపోతున్నాం.

దాచిపెట్టడం తప్పా అంటే, తప్పని నేను వెంటనే అనలేను. పిల్లలకి ఏదీ మొత్తంగా చెప్పలేం. ఈత నేర్పేవాడు చెరువు మధ్యలోకి తోసెయ్యడు, మోకాలి లోతు నీళ్ళలోనే మొదలుపెడతాడు. అయితే మోకాలి లోతులో నిలబడ్డ పిల్లవాడికి ఎదురుగా చెరువంతా కనిపిస్తూనే ఉంటుంది. అక్కడ లోతుందని వాడికి తెలుసు. స్థానమార్పిడి లేని వర్క్‌షీట్‌లో కూర్చున్న పిల్లకి లోతు కనబడదు. తీసివేత అంటే ఇదే అనుకుంటుంది. ఏ కాగితం ఇచ్చినా పైన పెద్దంకే, కింద చిన్నంకే. నలభై లెక్కలు చేశాక ఎవరైనా ఏం నేర్చుకుంటారు? ప్రతి నిలువు వరసలోనూ రెండంకెలుంటాయి, వాటిలో పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలి అని. ఎవరూ నోటితో చెప్పలేదు. నలభై ఉదాహరణలు చెప్పాయి.

తర్వాత ఒకరోజు 62 – 38 వస్తుంది. పిల్ల ధైర్యంగా 36 అని రాస్తుంది. ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు, ఆరులోంచి మూడు పోతే మూడు. ఎర్ర ఇంకుతో ఇంటూ మార్కు పడుతుంది. పక్కన "అజాగ్రత్త" అనో, "సరిగ్గా చూసి చెయ్యి" అనో రాస్తారు.

ఇదీ నన్ను ఇబ్బంది పెట్టేది. ఆ పిల్ల చాలా జాగ్రత్తగా చేసింది. తనకి అందిన నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు పిల్లల తీసివేత తప్పుల్ని వరసగా పరిశీలించి ఒక వ్యాసం రాశారు. అందులో తేల్చింది క్లుప్తంగా ఇది: ఈ తప్పుల్లో చాలావరకు తోచినట్టు వచ్చిపడినవి కావు, ఒక్కో పిల్లవాడు ఒక్కో తప్పు పద్ధతిని నిలకడగా పాటిస్తున్నాడు. కంప్యూటర్ ప్రోగ్రాములో బగ్ ఉన్నట్టు. ప్రోగ్రాము అలసిపోయి తప్పు చెయ్యదు, నిర్లక్ష్యంతోనూ చెయ్యదు. రాసిపెట్టింది రాసిపెట్టినట్టు చేస్తుంది. పైదా కిందదా అని చూడకుండా పెద్దంకెలోంచి చిన్నంకె తీసెయ్యడం వాళ్ళ జాబితాలో బాగా పేరుమోసిన బగ్. తర్వాత కర్ట్ వాన్‌లేన్ ఇదే దారిలో ఇంకా ముందుకెళ్ళి, 1990లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. పాఠాల్లో ఉదాహరణలు ఏ వరసలో వస్తాయన్నదానికీ, పిల్లలు ఏ తప్పు పద్ధతుల్ని అల్లుకుంటారన్నదానికీ సంబంధం ఉందన్నది ఆయన వాదం.

దీన్ని చదువుల మీద జరిగిన పరిశోధనగా పక్కన పెట్టెయ్యొచ్చు. నాకు మాత్రం ఇందులో న్యాయం గురించిన మాట వినిపిస్తుంది. చెప్పినమాట విన్నవాడిని, విననందుకు దండిస్తున్నాం. చెప్పింది మనమేనన్న సంగతి మనకే గుర్తు లేదు.

ఇంకాస్త ముందుకెళ్దాం. నలభై ఉదాహరణలు మౌనంగా చెప్పినదాన్ని చాలాసార్లు మనం నోటితో కూడా చెప్పేస్తాం. "చిన్నదాంట్లోంచి పెద్దది పోదు." ఈ వాక్యం వినకుండా పెరిగిన వాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా? అప్పు తెచ్చుకునే లెక్క మొదలుపెట్టే ముందు ప్రతి తరగతి గదిలోనూ ఇది మంత్రంలా పలుకుతుంది. రెండులోంచి ఎనిమిది పోదు, కాబట్టి పక్కింటికెళ్ళాలి.

పోదా? ఆరో తరగతికో ఏడో తరగతికో వచ్చేసరికి అదే బడి, ఒక్కోసారి అదే టీచరు, రెండులోంచి ఎనిమిది పోతే –6 అని చెప్తారు. ఇన్నేళ్ళు పోనిది ఇప్పుడెలా పోయింది? క్రీ.శ. 628లోనే బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ఈ సంఖ్యలకి నియమాలు రాశాడు. ఉన్నది ధనం, బాకీ పడ్డది ఋణం. ఈనాటికీ తెలుగులో మనవి ధన సంఖ్యలు, ఋణ సంఖ్యలే. జేబులో రెండు రూపాయలున్నవాడు ఎనిమిది రూపాయల వస్తువు కొంటే ఆరు రూపాయలు బాకీ పడతాడన్నది ఏ కిరాణా కొట్టు ఖాతా పుస్తకం చూసినా తెలుస్తుంది. ఖాతా ఉన్న ఇంట్లో పెరిగే పిల్లకి "పోదు" అన్న మాట వింతగానే అనిపించి ఉండాలి. అనిపించినా చెప్పదు. బడిలో లెక్కలు వేరు, కొట్టులో లెక్కలు వేరు అని పిల్లలు చాలా తొందరగా నేర్చేసుకుంటారు. మనం అన్నిటికంటే గట్టిగా నేర్పే పాఠం బహుశా అదే.

"చిన్నపిల్లలకి ఋణ సంఖ్యలు చెప్తారా ఏంటి?" అని అడగొచ్చు. చెప్పక్కర్లేదు. చెప్పకపోవడం వేరు, లేదని చెప్పడం వేరు. జెరోమ్ బ్రూనర్ 1960లో రాసిన పుస్తకంలో ఒక ప్రతిపాదన చేశాడు, చదువుల గురించి మాట్లాడే చోటల్లా అది తిరుగుతూనే ఉంటుంది. ఏ విషయాన్నైనా ఏ వయసు పిల్లలకైనా, దాని నిజాయితీ చెడకుండా, ఏదో ఒక రూపంలో నేర్పొచ్చన్నది దాని సారం. అందరూ "ఏ వయసుకైనా" అన్న ముక్కని పట్టుకున్నారు, మూడేళ్ళ పిల్లలకి కోడింగ్ నేర్పే కంపెనీలతో సహా. "నిజాయితీ చెడకుండా" అన్న ముక్క దారిలో ఎక్కడో జారిపోయింది.

పిల్లలతో మనం ఆడే అబద్ధాలు బోలెడు. చందమామ దిగొస్తాడంటాం. అన్నం తినకపోతే బూచాడు పట్టుకుపోతాడంటాం. ఇవన్నీ మానెయ్యాలని వాదించేవాళ్ళున్నారు, నేను ఆ జట్టులో లేను. చందమామ రాడని పిల్లలకి దాదాపు మొదట్నుంచీ తెలుసనుకుంటాను. అదొక ఆట, ఇద్దరికీ తెలిసిన ఆట. దాని మీద ఆధారపడి పిల్ల ఏ పనీ చెయ్యక్కర్లేదు. "పోదు" అలాంటిది కాదు. దాన్ని పట్టుకుని రోజూ కాగితం మీద నిర్ణయాలు తీసుకోవాలి, ఆ నిర్ణయాలకి మార్కులు పడతాయి. అబద్ధంలో పాపమెంతో తూచాలంటే, అవతలివాళ్ళు దాని మీద ఎంత బరువు మోపి నిలబడాల్సి వస్తుందో చూడాలి. ఈ తూకంలో బూచాడికన్నా "పోదు" బరువైనది.

అసలు "అప్పు" అన్న మాట సంగతి చూడండి. ఒకప్పుడు మా వీధి చివరి బడిలో శనివారాలు పిల్లలతో కూర్చునేదాన్ని. ఒక పిల్ల 62 – 38 చక్కగా చేసి, పైన ఆరు కొట్టేసి ఐదు రాసి, రెండు పక్కన ఒకటి పెట్టి, జవాబు 24 తెచ్చి చూపించింది. మార్కులేసేవాళ్ళకి అంతకంటే కావల్సింది లేదు. చూపించాక అడిగింది: "అక్కా, పక్కింటికెళ్ళి ఒకటే కదా అడిగాం? పది ఎందుకిచ్చారు?" పక్కనున్న వాడు వెంటనే అందుకున్నాడు: "మళ్ళీ ఎప్పుడిచ్చేస్తాం?"

రెండూ అసలైన ప్రశ్నలే. ఆ ఇంటివాళ్ళు ఒకటి పోగొట్టుకున్నారు, ఈ ఇంటికి పది చేరాయి, ఎవరూ ఎవరికీ తిరిగివ్వలేదు. అప్పంటే తీర్చాల్సింది అని పిల్లలకి ఇంట్లోనే తెలుసు, కొందరికి మరీ దగ్గర్నుంచి తెలుసు. తీర్చనక్కర్లేని అప్పు లెక్కల పుస్తకంలో తప్ప ఎక్కడా దొరకదు. పక్కింట్లో సున్నా ఉంటే ఇంకా తమాషా. 500లోంచి 237 తియ్యాలంటే పక్కింటివాళ్ళు, తమ దగ్గర లేదని, ఆ పక్కింటికెళ్ళి తెచ్చి మరీ మనకిస్తారు. ఇంత మంచి వీధి ఏ ఊళ్ళో ఉందో!

ఇంగ్లండ్ బడుల్లో చాలాకాలం నడిచిన ఇంకో పద్ధతిలో కనీసం అప్పు తీరుతుంది. పైన ఒకట్లకి పది కలుపుతారు, దానికి బదులుగా కింది సంఖ్యలో పదుల స్థానానికి ఒకటి కలుపుతారు. రెండు సంఖ్యలకీ సమానంగా పది కలిస్తే తేడా మారదు కాబట్టి జవాబు సరిగ్గా వస్తుంది. పిల్లలకి మాత్రం "తెచ్చుకో, తిరిగిచ్చెయ్" అనే చెప్పేవాళ్ళు. అందులోనూ ఒక చోట తెచ్చుకుని ఇంకో చోట తీర్చడమే. అప్పు తీరింది, అర్థం కాలేదు. 1949లో విలియం బ్రౌనెల్, హెరాల్డ్ మోజర్ మూడో తరగతి పిల్లల మీద ఈ రెండు పద్ధతుల్నీ పోల్చి చూశారు. ఒక్కో పద్ధతినీ రెండు రకాలుగా నేర్పించారు: కారణం చెప్పి ఒకసారి, కారణం చెప్పకుండా ఇంకోసారి. పదిని విడగొట్టే పద్ధతిని కారణంతో నేర్చుకున్న పిల్లలు ముందు నిలిచారు. ఆ పద్ధతి అమెరికాలో స్థిరపడిపోవడానికి ఈ అధ్యయనం ఒక కారణం. పద్ధతి స్థిరపడింది, కారణం చెప్పడం మాత్రం అంతగా స్థిరపడలేదు. 1999లో లిపింగ్ మా తన పుస్తకంలో 23 మంది అమెరికన్ టీచర్లనీ, 72 మంది చైనా టీచర్లనీ పోల్చింది. మొదటి అధ్యాయం దీని గురించే. అమెరికన్ టీచర్లలో ఎక్కువమంది దగ్గర వినబడింది మనకి బాగా తెలిసిన పాటే: చిన్నదాంట్లోంచి పెద్దది పోదు, పక్కవాళ్ళ దగ్గర అప్పు తెచ్చుకో. చైనా టీచర్లలో చాలామంది "పైస్థానంలో ఒకటిని విప్పడం" అన్నారు. ఎవరూ ఎవరింటికీ వెళ్ళరు. ఒకే సంఖ్య, దానిలోనే ఒక కట్ట విప్పుకుంటుంది.

కట్ట అంటే గుర్తొచ్చింది. చేతిలో వస్తువులున్నప్పుడు ఈ గొడవంతా ఉండదు. ఆరు కట్టలు, రెండు విడి పుల్లలు ఇచ్చి, అందులోంచి ముప్పై ఎనిమిది పుల్లలు ఇవ్వమని అడగండి. "చిన్నదాంట్లోంచి పెద్దది పోదు" అని ఏ పిల్లా అనదు. మరీ ముఖ్యంగా, పొరపాటున కూడా 36 మిగల్చదు. తన దగ్గరున్న రెండు పుల్లల్ని నా ఎనిమిదిలోంచి ఎలా తీసేస్తుంది? కాగితం మీద అంత సహజంగా జరిగిపోయిన తప్పు పుల్లలతో చెయ్యడానికే కుదరదు. అంటే ఆ తప్పు తీసివేతది కాదు, రాతది. పైనొకటి కిందొకటి రాసేసరికి రెండూ ఒకే జాతి వస్తువుల్లా కనిపిస్తాయి. ఒకటి ఉన్న సొత్తు, రెండోది అందులోంచి ఇవ్వాల్సింది అన్న తేడా చెరిగిపోతుంది.

మాంటిస్సోరి పద్ధతిలో బంగారు పూసలుంటాయి: ఒకట్లకి విడి పూస, పదికి తీగకి గుచ్చిన పూసలు, వందకి చదరం, వెయ్యికి ఘనం. అక్కడ కూడా మార్పిడి లేని తీసివేతే ముందు, మార్పిడి ఉన్నది తర్వాత. ఐదేళ్ళ పిల్లలు వేలల్లో తీసివేతలు చేస్తారు. వాళ్ళు చేసేదీ ఏరిన లెక్కలే. కానీ వెయ్యి పూసల ఘనం నిజంగా బరువుంటుంది, రెండు చేతులతో మొయ్యాలి. అంకె వెనక ఏముందో ఒంటికి తెలుస్తుంది. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ళ తరబడి ఈ దేశంలోనే ఉండిపోయి, ఎంతోమందికి శిక్షణ ఇచ్చింది. ఇప్పుడు మన నగరాల్లో సందుకో బోర్డు మీద ఆమె పేరుంది. లోపల మాత్రం చాలాచోట్ల పూసలుండవు, వర్క్‌షీట్లుంటాయి. ఎందుకంటే వర్క్‌షీట్‌ని ఇంటికి పంపొచ్చు, పూసల్ని పంపలేం. ఫీజు కట్టినవాళ్ళకి ఏదో ఒకటి కనబడాలి కదా.

ఇంతకీ స్థానమార్పిడి లేకుండా పెద్ద సంఖ్యల్ని తియ్యడం అంటే ఏరిన లెక్కలే చెయ్యడం అనుకోనక్కర్లేదు. ఏ లెక్కనైనా మార్పిడి లేకుండా చేసే దారులున్నాయి, మన నోట్లోనే ఉన్నాయి. తెలుగులో సంఖ్యని పెద్ద స్థానం నుంచి పలుకుతాం. అరవై రెండు. ముప్పై ఎనిమిది. హిందీలోలాగా చిన్న స్థానాన్ని ముందు పలకం. పలికిన వరసలోనే తీసేస్తే? అరవైలోంచి ముప్పై పోతే ముప్పై. రెండులోంచి ఎనిమిది ఇవ్వాలంటే ఆరు తక్కువ. ముప్పైకి ఆరు తక్కువ, ఇరవై నాలుగు. గడియారం చూసి పావు తక్కువ ఆరు అనే భాష మనది. సంస్కృతంలో పందొమ్మిదికి ఏకోనవింశతి అని కూడా పేరు, ఒకటి తక్కువ ఇరవై అని. "తక్కువ" అన్న మాట పిల్లలకి ఋణ సంఖ్యలేమీ చెప్పకుండానే అటువైపు తలుపు తెరుస్తుంది. పైగా కుడి నుంచే మొదలుపెట్టాలన్న నియమం కూడా పాతకాలం నాటిదేం కాదు. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు లీలావతిలో కూడికా తీసివేతా స్థానాల వారీగా ఒక కొస నుంచి మొదలుపెట్టినా, ఎదురు వరసలో వచ్చినా సరేనన్నాడు.

కొట్టువాడి దారి ఇంకొకటి. ముప్పై ఎనిమిది రూపాయల సరుకుకి అరవై రెండిస్తే అతను తీసివెయ్యడు, కూడతాడు. ముప్పై ఎనిమిదికి రెండు వేస్తే నలభై, ఇరవై వేస్తే అరవై, ఇంకో రెండు. చిల్లర ఇరవై నాలుగు. ఇది చదువురానివాళ్ళ పద్ధతి అని చిన్నచూపు ఉంది. 1985లో బ్రెజిల్‌లోని రెసీఫి నగరంలో వీధుల్లో కొబ్బరికాయలూ అవీ అమ్మే ఐదుగురు పిల్లల మీద జరిగిన అధ్యయనం ఆ చిన్నచూపుని బాగా దెబ్బతీసింది. అమ్మకాల్లో వాళ్ళ లెక్కలు నూటికి 98 పాళ్ళు సరైనవి. అవే లెక్కలు కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే 37. మొన్న 2025లో నేచర్ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, వాళ్ళ సహచరులు కలకత్తా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల గురించి ఇలాంటిదే ప్రచురించారు. అందులో రెండో సగం ఇంకా గుచ్చుకుంటుంది: బడికి మాత్రమే వెళ్ళే పిల్లలు కాగితం మీద కాస్త నయం కానీ, బజారు లెక్కల్లో తడబడ్డారు. ఇటువాళ్ళ తెలివి అటు పనికిరాలేదు, అటువాళ్ళది ఇటు.

ఇంకో ముచ్చటైన దారి ఉంది. వెయ్యిలోంచి 387 తియ్యాలి, సున్నాలన్నీ వరసగా అడ్డం. వెయ్యికి బదులు 999లోంచి తీసెయ్యండి. తొమ్మిదికన్నా పెద్దంకె లేదు కాబట్టి మార్పిడి అన్న మాటే రాదు. 612. ముందు పక్కన పెట్టిన ఒకటి కలిపితే 613. దీన్ని ఇప్పుడు వేదగణితం పేరుతో కోచింగుల్లో అమ్ముతున్నారు. ఆ పేరుతో 1965లో అచ్చయిన పుస్తకంలోని సూత్రాలు వేదాల్లో ఫలానా చోట ఉన్నాయని ఇంతవరకు ఎవరూ చూపలేదు కానీ, లెక్క మాత్రం ఎవరు చేసినా సరిగ్గానే వస్తుంది. నా అభ్యంతరం పేరు మీద కాదు. ఎందుకు వస్తుందో చెప్పకుండా అమ్మితే ఇది కూడా ఇంకో "పక్కింటి అప్పే". నియమం కొత్తది, లోబడటం పాతదే.

ఈ చర్చంతా పట్నంలో ఇల్లు నిండా బొమ్మలూ పుస్తకాలూ ఉన్న పిల్లల గురించేనా అన్న అనుమానం రావచ్చు. కాదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల్ని కూర్చోబెట్టి లెక్కలు చేయిస్తారు. అంకెలు గుర్తుపట్టడం దాటాక వచ్చే మెట్టు ఏమిటో తెలుసా? రెండంకెల తీసివేత, అప్పు తెచ్చుకోవాల్సినదే. 62 – 38 లాంటిదే. 2024 నివేదిక ప్రకారం దేశంలో గ్రామీణ ప్రాంతాల మూడో తరగతి పిల్లల్లో కనీసం ఆ మెట్టుకి చేరినవాళ్ళు 33.7 శాతం. ఒక దేశం తన బడుల్ని ఈ ఒక్క లెక్కతో తూచుకుంటోంది. మిగిలిన రెండు వంతుల్లో ఎంతమంది పెద్దదాంట్లోంచి చిన్నది తీసి, నమ్మకంగా జవాబు రాసి, సర్వేకొచ్చిన వాళ్ళ మొహంకేసి చూసి ఉంటారో ఆ శాతం చెప్పదు. ఏ ఇల్లైనా పుస్తకం అబద్ధాన్ని సరిదిద్దగలిగితే పిల్ల గట్టెక్కుతుంది. బడి చెప్పిందే చివరిమాట అయిన ఇంట్లో ఆ అబద్ధం చాలాకాలం ఉండిపోతుంది. అందుకే దీన్ని బోధనా పద్ధతుల వాళ్ళకి వదిలెయ్యలేకపోతున్నాను.

టీచర్ల మీద నెట్టెయ్యడం కూడా నాకు ఇష్టం లేదు. రెండు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టుకుని, నెలాఖరుకి సిలబస్ చూపించాల్సిన మనిషికి "పోదు, పక్కింటికెళ్ళు" అన్నది నిమిషంలో పనిచేసే వాక్యం. కారణానికి వారం పడుతుంది. ఆ వారం వాళ్ళకి ఎవరూ ఇవ్వరు. ఇచ్చి, పుల్లల కట్టలు కూడా ఇచ్చి, ఆ తర్వాత అడుగుదాం నిజాయితీ గురించి.

వారం ఇవ్వకపోయినా ఒకటి చెయ్యొచ్చు, ఖర్చు లేనిది. పుస్తకం రాసేవాళ్ళు పది ఏరిన లెక్కల మధ్య ఒక్క ఏరని లెక్క వదిలెయ్యొచ్చు. పద్ధతి చెప్పకుండా, మార్కులు పెట్టకుండా. దీన్ని ఏం చేద్దాం అని మాత్రం అడిగి. మోకాలి లోతులో నిలబడి అవతల లోతుందని చూడటానికి అది చాలు.

ఆ శనివారపు బడిలో నేను చూసినది కూడా అలాంటి ఒక లెక్కతోనే. అప్పు తెచ్చుకోవడం ఇంకా నేర్పని చిన్న తరగతి. ఆరు కట్టలు, రెండు పుల్లలు ఇచ్చి ముప్పై ఎనిమిది నాకివ్వమన్నాను. ఎక్కువమంది మూడు కట్టలిచ్చి, రెండు పుల్లలిచ్చి, ఇంకో కట్టకున్న రబ్బరు బ్యాండు లాగేశారు. కట్ట విప్పొచ్చా అని ఒకడు తప్ప ఎవరూ అడగలేదు. ఒకడు కట్టలన్నీ విప్పేసి, కింద కుప్పపోసి, ఒకటీ రెండూ అంటూ మొదట్నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, గంట కొట్టేవరకు అదే పని. కిటికీ దగ్గర కూర్చున్న పిల్ల మాత్రం ఏ కట్టా విప్పలేదు. నాలుగు కట్టలు తెచ్చి నా చేతిలో పెట్టి, రెండు పుల్లలు తిరిగిమ్మని చెయ్యి చాపింది.